వనపర్తి తాత భుజం మీద నా తువ్వాల

ఆ రోజుల్లో నాకు రెండు సంగతులు గట్టిగా తెలుసని అనుకునేవాణ్ణి. ఒకటి, నాకు చదరంగం వచ్చునని. రెండోది, మా చెల్లెకు ఇంకా రాదని. ఈ రెండూ తప్పని గద్వాలలో ఒక్క మధ్యాహ్నంలోనే తేలిపోయింది. అందుకని, మిగతాది చెప్పకముందే ఆ రోజు నేను చేసిన పని ఒప్పుకుంటే నా మనసు తేలికపడుతుంది. పోటీ జరుగుతుండగా, ఎవరూ ఎవరికీ సాయం చేయకూడని చోట, నేను మా చెల్లెకు సైగ చేశాను. అంతటితో ఆగితే మామూలు తప్పు అయ్యేది. నా సైగ చివరికి తప్పు సైగగా మారింది. మారడం కూడా నా చేతుల మీదుగా జరగలేదు, ఎవరో ముక్కూ మొహం తెలియని తాత భుజం మీద జరిగింది.

డిగ్రీ పూర్తిచేసి, సర్కారు కొలువు పరీక్షలకు తయారవుతున్నానని కోడేరులో అందరికీ చెప్పుకుంటూ తిరిగే కాలం అది. కొత్త జిల్లాలు వచ్చి, అంతదాకా ఒక్క జిల్లాగా ఉన్న మేమంతా విడివిడిగా పేర్లు రాసుకోవడం నేర్చుకుంటున్నాం. (మా నాయిన చాలా కాలం ఎవరైనా ఏ జిల్లా అంటే పాత పేరు చెప్పి, నాలుక కరుచుకుని, నాగర్‌కర్నూల్ అని దిద్దుకునేవాడు.) పొద్దున్నే పుస్తకం తెరిచి, దాని మధ్యలో ఫోను నిలబెట్టి, నేను చదరంగం వీడియోలు చూసేవాణ్ణి. వంటింట్లోంచి చూసే అమ్మకు కొడుకు తల వంచుకుని చదువుతున్నట్టే ఉండేది. ఆ వీడియోల పుణ్యమా అని ఒక సంగతి నా బుర్రలో మేకులా దిగింది. ఆట మధ్యలో ఏం చేయాలో తోచకపోతే పెద్ద పావుల వంక చూడకూడదు, బంట్ల వంక చూడాలి. గుర్రాలూ ఏనుగులూ ఒక చోట నిలిచేవి కావు. బంట్లు వెనక్కి రాలేవు కాబట్టి అవి ఎట్లా నిలబడ్డాయో చూస్తే, ఎటు దాడి చేయాలో, ఎటు కాచుకోవాలో తెలిసిపోతుంది. ఈ ముక్క తెలుసుకున్న రోజు నుంచి నేను చదరంగంలో ఒక్క ఆట కూడా అదనంగా గెలవలేదు గాని, చెప్పడం మాత్రం బాగా మొదలుపెట్టాను. వినడానికి ఇంట్లో చెల్లె ఒక్కతే దొరికింది.

అప్పుడు తను పదో తరగతి. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. వరండాలో చాప మీద బల్ల పరిచి, ఆట సగంలో ఆపి, నేను గుర్రాలు, ఒంటెలు, ఏనుగులు, మంత్రులు అన్నీ తీసి పక్కన పెట్టేవాణ్ణి. రాజులు, బంట్లు మాత్రం మిగిలేవి.

"ఇప్పుడు చూడు. ఏం కనబడుతుంది?"

చెల్లె చాలాసేపు చూసింది. "మన చేను లెక్క ఉంది అన్నా. బంట్లు గట్లు. తీసి పెట్టినవన్నీ నీళ్లు. గట్టు ఎటు ఇడిస్తే నీళ్లు అటు పోతయి."

అది బాగుందని నాకు ఆ క్షణమే తెలుసు. కానీ గురువుగా ఉన్నవాడు వెంటనే ఒప్పుకుంటే బాగుండదని, "ఆ, కొంచెం గట్లనే" అన్నాను. అటుగా వెళ్తున్న నాయిన ఆగి, ఖాళీ బల్లను చూసి, "ఆడేటివన్నీ తీసేసి కూసున్నరు. ఇంక ఏం ఆడుతరురా మీరు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే పోయాడు.

ఎండాకాలం సెలవుల్లో, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, ఈ మూడు జిల్లాల అమ్మాయిలకు కలిపి గద్వాలలో ఒక బడిలో ఎంపిక పోటీ పెట్టారు. గెలిచిన ఒక్కరినే హైదరాబాద్ పంపుతారు. ఆ హైదరాబాద్ కోసం చెల్లె ఎంత పట్టుగా ఉందో నాకు ఒక్కనికే తెలుసు. నాయిన ముందే చెప్పేశాడు. "ఈ ఒక్కపారి పోయి రా బిడ్డా. గెలుస్తే హైదరాబాద్ నేనే తోల్కపోత. గెలువకపోతే బల్ల అటక మీద పెట్టి ఇంటర్ సదువు సంగతి సూడు." చెల్లె సరే అంది. అని, ఆ రోజు నుంచి అన్నం తింటూ కూడా కంచంలో మెతుకులతో బంట్లు పేర్చేది.

ఇక్కడ ఒక మంచి అన్న అయితే ఏం చేస్తాడు? నమ్ముతాడు. నేను ఏర్పాటు చేశాను. నా దగ్గర ఒక తువ్వాల ఉండేది. అమ్మ కోడేరు సంతలో కొన్నది, పసుపు రంగు మీద ఎర్రంచు. అది కుడి భుజం మీద ఉంటే రాజు వైపు దాడి చెయ్యి. ఎడమ భుజం మీద ఉంటే ఆట మొదట్లో మంత్రి ఉండే వైపు దాడి చెయ్యి. నెత్తి మీద ఉంటే ఏం చేయకు, ఊరికే కాచుకో. బస్సులో వనపర్తి దాకా ఇదే వల్లె వేయించాను. వనపర్తిలో బస్సు మారి, కృష్ణ దాటుతుంటే మళ్లీ అడిగాను.

"ఎడమ భుజం?"

"మంత్రి దిక్కు."

"నెత్తి మీద?"

"సప్పుడు చెయ్యక కూసోవాలె."

"శాబాష్."

"అన్నా, జర కిటికీ ఇడువు. గాలి రానియ్యి."

ఇంత గొప్ప పథకంలో ఒక్క లోపం ఉంది. అది గద్వాల బడి హాలులోకి అడుగు పెట్టగానే కనబడాల్సింది. ఎండ మండిపోతోంది. పిల్లలను తీసుకొచ్చిన నాయినలు, మామలు, తాతలు గోడల వెంబడి నిలబడి ఉన్నారు. దాదాపు ప్రతి మనిషి భుజం మీదా ఒక తువ్వాల, సగానికి సగం పసుపువే. కొందరు కుడి భుజం మీద, కొందరు ఎడమ, చెమటకు ఓర్చుకోలేనివాళ్లు నెత్తి మీద. అంటే ఆ హాలులో ఏ క్షణంలో చూసినా, నా లెక్క ప్రకారం, యాభై సలహాలు నడుస్తున్నాయి. నేను మాత్రం ఇవేవీ చూడలేదు. మనం పన్నిన పన్నాగం మనకు చాలా అందంగా కనబడుతుంది.

పోటీ నడిపించింది ఒక వ్యాయామం సారు. మెడలో విజిల్ వేసుకుని, చదరంగం పోటీలో కూడా అది తీయకుండా తిరిగేవాడు కాబట్టి మేం విజిల్ సారు అనుకున్నాం. ఆయన అసలు కబడ్డీ మనిషి. రెండు చేతులూ పైకెత్తి ఒకే ఒక ఉపన్యాసం ఇచ్చాడు. "వచ్చినోళ్లు గోడ దగ్గరనే నిలవడాలె. మాట్లాడొద్దు, దగ్గొద్దు, పిల్లలకు ఏం అందించొద్దు. ఎవడన్నా సైగ చేసినట్టు తెలిస్తే ఆ పిల్ల ఆట పోయినట్టే. మల్ల నన్ను అనొద్దు." నేను అందరికంటే గట్టిగా తలూపాను.

మొదటి ఆటల్లో నేను భుజాలు మార్చి మార్చి అలసిపోయాను, చెల్లె గెలుస్తూ పోయింది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మధ్యాహ్నానికి ఇద్దరే మిగిలారు. మా చెల్లె, వనపర్తి నుంచి వచ్చిన ఆకుపచ్చ చున్నీ పిల్ల. చివరి ఆట గెలిచినవాళ్లు హైదరాబాద్ పోవాలి.

చెల్లెకు నల్ల పావులు వచ్చాయి. కొంతసేపటికి బల్ల నడుమ రెండు పక్షాల బంట్లూ ఒకదానికొకటి తగిలి బిగుసుకుపోయాయి. వనపర్తి పిల్ల బంట్ల వరుస ఏటవాలుగా మా చెల్లె రాజు వైపు చూస్తోంది. మా చెల్లె వరుస రెండో వైపుకు, మంత్రి వైపుకు చూస్తోంది. నేను గోడ దగ్గర మునివేళ్ల మీద లేచి చూసి, మనసులోనే పెద్ద పావులన్నీ తీసేశాను. స్పష్టంగా ఉంది. చెల్లె మంత్రి వైపు నుంచి ఒక బంటును ముందుకు తోసి, ఎదుటి వరుసను దాని మొదలు దగ్గర కొట్టాలి. మొదలు కదిలితే కొనకు బలం ఉండదు. అలా కాకుండా రాజు ముందున్న బంటును ముందుకు నడిపిందా, తన ఇంటి తలుపు తనే తీసి పెట్టినట్టు. నేను నిదానంగా, ఎవరికీ అనుమానం రాకుండా, తువ్వాలను ఎడమ భుజం మీదికి మార్చాను.

అప్పుడే నా పక్కన నిలబడ్డ తాత నా మోచేతిని తట్టాడు. పొట్టి మనిషి, తెల్ల ధోతి, మొహమంతా చెమట. నా చెవి దగ్గరికి వచ్చి, "బిడ్డా, జర నీ తువ్వాల ఇయ్యి. నాది బస్సుల మరిచిన" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. మాట్లాడకూడదు కదా. ఆయనకు నేను ఊపింది ఎట్లా అర్థమైందో గాని, నా భుజం మీది తువ్వాలను తీసుకుని, మొహం తుడుచుకుని, మెడ తుడుచుకుని, హాయిగా ఊపిరి వదిలి, తన కుడి భుజం మీద వేసుకున్నాడు.

ఆ క్షణంలోనే చెల్లె తల ఎత్తి మా వైపు చూసింది.

పసుపు మీద ఎర్రంచు, కుడి భుజం. రాజు వైపు దాడి చెయ్యి. నేను తాత భుజం మీది తువ్వాల కొన పట్టుకున్నాను. తాత రెండో కొన పట్టుకున్నాడు. "ఉండు బిడ్డా, ఇస్త" అని ఆయన గుసగుస. "ఇప్పుడే ఇయ్యి తాతా" అని నా గుసగుస. నేను లాగాను. ఆయన, పాపం, దాన్ని నెత్తి మీద వేసుకోబోయాడు. నెత్తి మీద అంటే సప్పుడు చేయకుండా కూర్చో. ఎడమా కుడీ నెత్తీ మూడు సలహాలూ ఒకే తువ్వాలతో ఒకే నిమిషంలో నడిచిపోయాయి. చెల్లె చేయి లేచింది. వేళ్లు సరిగ్గా రాజు ముందున్న బంటు మీద వాలాయి. చదరంగంలో ముట్టుకున్న పావును కదపాల్సిందే.

ఆ తరువాత ఏం జరిగిందో నేను చూడలేదు. విజిల్ సారు విజిల్ ఊదకుండానే (చేయి దాని దాకా వెళ్లింది, గుర్తొచ్చి ఆగింది) మా ఇద్దరి రెక్కలూ పట్టుకుని బయట ఎండలో నిలబెట్టాడు. "ఒక్క తువ్వాల కాడ కొట్లాడుతరా? సిగ్గు లేదా? ఆట అయ్యేదాక లోపలికి రావొద్దు."

బడి గోడకు రెండడుగుల నీడ ఉంది. దాంట్లో ఇద్దరం సర్దుకున్నాం. నా పరిస్థితి ఏమని చెప్పను. చెల్లె హైదరాబాద్, చెల్లె బల్ల, నాయిన ఇచ్చిన ఒక్క అవకాశం, అన్నీ ఆ బంటు మీద వాలిన వేళ్లతోటే పోయాయి. పోగొట్టింది నేను. తాత నా మొహం చూసి, తువ్వాల తీసి నా చేతిలో పెట్టాడు.

"ఎందుకు బిడ్డా గంత పరేషాన్? తువ్వాల నేను తిన్నానా?"

"అది కాదు తాతా. లోపల మా చెల్లె."

"అట్లనా. ఎదురంగ ఆడేటిది మా మనవరాలు." ఆయన గొంతు తగ్గించాడు. "నీకేం దాపరికం. నేను నా పిల్లకు సైగ చేసేటిది ఉండె. నెత్తి మీద తువ్వాల ఏసుకుంటే దానికి తెలుస్తది. అందుకే నీది అడిగిన."

ఆ మాట వినగానే నాకు కలిగిన ఊరట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నేనొక్కణ్ణే దొంగను కాదన్నమాట. తోడు దొరికింది. నేను ఆయన చేతులు పట్టుకుని నా మూడు సైగల పథకం మొత్తం చెప్పేశాను. తాత నోరు తెరుచుకుని విన్నాడు. "అబ్బా, గింత ఉన్నదా దీంట్ల?" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

చాలాసేపటి తరువాత చెల్లె బయటికి వచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియదు. ఎప్పుడూ అంతే.

"ఏమైంది?"

"గెలిచిన."

నేను గోడకు ఆనుకున్నాను. "మరి ఆ బంటు? రాజు ముందలి బంటు ముట్టుకున్నవ్ కదా?"

"వంకర ఉండె. సర్దుతున్న అని చెప్పి సర్దిన. తరువాత మంత్రి దిక్కు బంటును నూకిన. ఆమె వరుస ఇరిగింది. గుర్రం ఒకటి ఇరుక్కుంది. అయిపోయింది." ముట్టుకోకముందే 'సర్దుతున్నా' అని చెబితే పావును గడి మధ్యకు జరుపుకోవచ్చు. ఈ నియమం తనకు నేర్పింది కూడా నేనే. అంత దూరం నుంచి తన పెదవులు నాకు కనబడలేదు.

"నువ్వు నా తువ్వాల దిక్కు చూసినవ్ కదా?"

"నీ తువ్వాల నేనెందుకు చూస్త? పొద్దుగాల హాల్లకు రాంగనే చూసిన, అందరి భుజాల మీద తువ్వాలలే. ఇంక ఏం చూసేది? అక్కడ మీరిద్దరు గుంజుకుంటుంటే ఏం లొల్లి అని చూసిన." అని, వెంటనే అడిగింది. "సారు బయటికి ఎందుకు పంపిండు?"

నాకు గుండె మీది బండ దిగింది కదా, ఆ హుషారులో నవ్వుతూ చెప్పేశాను. కొట్లాట అనుకున్నాడు సారు, సైగ సంగతి తెలియదు, బతికిపోయాం. చెల్లె నవ్వలేదు.

"పోయి చెప్పు."

"ఏం చెప్పాలె?"

"సైగ చేసిన అని. పొద్దుటి సంది చేసినవ్ కదా."

"పిచ్చి పట్టిందా? చెప్తే నీ ఆట పోతది. హైదరాబాద్ పోతది."

"పోనీ. నేను చూడలే. చూడలే అని సారుకు నేనే చెప్త. నమ్మకపోతే మల్ల ఆడుత." తన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, గొంతు మాత్రం మారలేదు. "చెప్పకపోతే హైదరాబాద్‌ల కూసున్నా నాకు నీ తువ్వాలే యాదికొస్తది అన్నా. నేను ఆడినట్టు ఉండదు."

అంతవరకూ ఆమె నాతో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది లేదు. నేను తువ్వాల మడిచి చంకలో పెట్టుకుని హాలు వైపు నడిచాను. తాత, "ఆగు, నేను గూడ వస్త" అని వెనకే బయలుదేరాడు.

విజిల్ సారు మొత్తం విన్నాడు. విజిల్‌ను వేలితో రెండుసార్లు తిప్పాడు. తరువాత తాత వైపు తిరిగాడు. "నువ్వు ఏం సైగ చేద్దామనుకున్నవ్ తాతా?"

"నీళ్లు తాగు అని సార్."

"ఏంది?"

"ఆటల కూసుంటే మా పిల్లకు సోయి ఉండదు. పొద్దుటి సంది చుక్క నీళ్లు తాగలే. ఎండకు పడిపోతదని... నాకు ఆట గీట తెల్వదు సార్."

నాకు తోడు దొంగ అనుకున్న మనిషి, అట్లా చూస్తుండగానే, నన్ను ఒక్కణ్ణే దొంగగా మిగిల్చాడు. సారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ అప్పుడప్పుడు అద్దంలో కనబడుతుంది.

ఆయన ఇద్దరు పిల్లలనూ పిలిచాడు. మా చెల్లెను బల్ల ముందు కూర్చోబెట్టి, "మీ అన్న సైగ చూడలే అంటున్నవ్. మరి అటుదిక్కే ఆడాలని నీకెట్ల తెలిసింది? చూపెట్టు" అన్నాడు. చెల్లె ఆట నడుమ పరిస్థితిని గుర్తు తెచ్చుకుని పావులు పేర్చింది. పేర్చి, మా వరండాలో చేసినట్టే, పెద్ద పావులన్నీ ఒక్కొక్కటి తీసి పక్కన పెట్టింది. "చూడుండ్రి సార్. ఈమె గట్టు నా రాజు దిక్కు వాలింది. నాది అటు, మంత్రి దిక్కు వాలింది. నేను ఇటు నీళ్లు పెడితే నా ఇంట్లకే వస్తయి. అందుకే అటు మొదలు కాడ తెంపిన." వేలు ఆ బంటు దగ్గర ఆపింది. ఆమె చెబుతుంటే వనపర్తి పిల్ల తలూపుతూ, "నేను ఈమె రాజు మీదికి ఒక అడుగు ముందు పోవాల్సి ఉండె సార్. లేటైన" అంది.

సారుకు చదరంగం అంతంత మాత్రమే. కానీ కళ్లు చిట్లించి చూసి, "కబడ్డీల కార్నర్ ఖాళీ అయితే రైడర్ అటే దూరినట్టు" అన్నాడు. ఇద్దరు పిల్లలూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, అవును సార్ అన్నారు.

"మల్ల ఆడిపియ్యాల్నా?" అని వనపర్తి పిల్లను అడిగాడు. ఓడింది ఆమె కాబట్టి అడగడం న్యాయం.

"వద్దు సార్. గుర్రం నేనే ఇరికిచ్చుకున్న. నాకు నీళ్లు కావాలె."

తాత పరుగెత్తాడు. విజిల్ సారు కాగితం మీద చెల్లె పేరు రాసి, తలెత్తకుండానే నాతో అన్నాడు. "ఆమె ఆట ఆమెదే. నువ్వు మాత్రం ఈ పిల్ల ఎక్కడ ఆడినా గేటు బయటనే నిలవడాలె. హైదరాబాద్‌ల గూడ."

అంత తేలికైన శిక్షను నేను జీవితంలో ఎన్నడూ పొందలేదు. బస్సులో కిటికీ తనకే వదిలేశాను. కృష్ణ దాటాక చెల్లె, "అన్నా, నువ్వు నేర్పింది గట్టిదే. నువ్వే దాన్ని నమ్మలే" అంది. నేను తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాను. ఆ గాలికి కళ్లలో నీళ్లు రావడం మామూలే.

హైదరాబాద్‌కు మాట ప్రకారం నాయినే తీసుకుపోయాడు. అక్కడ ఆమె మొదటి మూడు స్థానాల్లో లేదు, బల్ల మాత్రం అటక ఎక్కలేదు. నేను ఆ తరువాత ఆమె ఏ ఊళ్లో ఆడినా గేటు బయటే నిలబడ్డాను. చాయ్ దుకాణాలవాళ్లు నన్ను గుర్తుపట్టేవాళ్లు. కొలువు వచ్చి నేను వనపర్తిలో స్థిరపడ్డాక, ఆదివారాలు కోడేరు వెళ్లి, ఆడాలనుకునే ఆడపిల్లలకు పెద్ద పావులు తీసేసి బంట్లు చూపిస్తుంటాను. ఆ పాఠం చెల్లెది అనే చెబుతాను, గట్టూ నీళ్లూ మాటతో సహా. పాఠం అయ్యాక వాళ్లతో పాటు బల్ల ముందు కూర్చుని ఓడిపోవడం కూడా బాగానే అలవాటైంది.

ఆ తువ్వాలను నేను మళ్లీ భుజం మీద వేసుకోలేదు. గద్వాల నుంచి వచ్చిన వారంలోనే, అమ్మను అడగకుండా, సూదీ దారం పట్టుకుని నేనే దాన్ని పావులు పెట్టుకునే సంచిగా కుట్టి చెల్లెకు ఇచ్చాను. కుట్టడం రాదు. ఒక మూల ఎప్పుడూ వదులుగానే ఉంటుంది. చెల్లె ఇప్పుడు ఉద్యోగం చేసే ఊళ్లో కూడా ఆ సంచే వాడుతుంది, మంచిది కొనిస్తానంటే వద్దంటుంది. సెలవుల్లో వచ్చి దాన్ని చాప మీద బోర్లించినప్పుడల్లా ఆ మూలలోంచి ఒక బంటు ముందే జారి, దొర్లుకుంటూ నా మోకాలి దగ్గరికి వస్తుంది. నేను దాన్ని తీసి, ఏ గడిలో పెట్టాలో చెప్పకుండా, ఆమె చేతికి ఇస్తాను.